అవయవదానానికి పేరు రాయించుకున్నాను, అమ్మ మాట్లాడటం మానేసింది

చందమామ_కిటికీ
పోయిన నెల అవయవదానానికి పేరు నమోదు చేసుకున్నాను. పది నిమిషాల పని, కార్డు కూడా వచ్చింది. సంతోషంగా ఇంట్లో చూపిస్తే అమ్మ దాన్ని ఒకసారి చూసి పక్కన పెట్టేసింది. అప్పటినుంచి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. మూడో రోజు గట్టిగా అడిగితే ఒకటే మాట, "కళ్ళు తీయించుకుని పోతే వచ్చే జన్మలో గుడ్డిదానివై పుడతావు" అంది. అన్నయ్య ఇంకో అడుగు ముందుకు వేశాడు. దేహాన్ని మొత్తంగా అగ్నికి అప్పగించాలట, లోపలివి తీసేసిన దేహానికి సంస్కారం చెల్లదట, ఆత్మ ఇక్కడిక్కడే తిరుగుతుందట.

నేను నాస్తికురాలిని కాను. రోజూ దీపం పెడతాను, జన్మల మీద కూడా నమ్మకం ఉంది. అందుకే వాళ్ళ మాటల్ని కొట్టిపారేయలేకపోతున్నాను. ఇది నిజంగా ఎక్కడైనా రాసి ఉందా? మీ ఇళ్ళల్లో ఈ ప్రస్తావన వచ్చినప్పుడు ఏం జరిగింది? ఏ మతం వాళ్ళయినా చెప్పండి.

తర్కం_రాజు
ఎక్కడా రాసి లేదు. కాలిపోయాక కళ్ళు ఎక్కడుంటాయి? దానం చేయనివాళ్ళ కళ్ళు కూడా బూడిదే కదా, మరి వాళ్ళంతా గుడ్డివాళ్ళుగా పుట్టాలి. అమ్మగారిని ఈ ప్రశ్న అడగండి, జవాబు ఉండదు.

వానచినుకు
జవాబు ఉండదు, కానీ ఇంకో నెల మాటలూ ఉండవు. రాజు గారూ, అమ్మలతో వాదన గెలిచినవాళ్ళని ఎవరినైనా చూశారా?

పాతపుస్తకం
అమ్మగారి మాట శాస్త్రంలోది కాదు గానీ చాలా పాతది, చాలా ఇళ్ళల్లో వినపడేది. కర్మ సిద్ధాంతం ప్రకారం వచ్చే జన్మను నిర్ణయించేది చేసిన పనులు. చనిపోయినప్పుడు ఒంట్లో ఏవి ఉన్నాయి, ఏవి లేవు అన్న లెక్క ఎక్కడా కనపడదు. పాత బట్టలు వదిలి కొత్తవి కట్టుకున్నట్టు దేహి శరీరాలు మారుస్తాడని గీత రెండో అధ్యాయంలో ఉన్నదే. వదిలేసిన చొక్కాకి గుండీ లేకపోతే కొత్త చొక్కాకీ ఉండదని ఎవరూ అనుకోరు.

ఇక పురాణాల్లో ఇవ్వడమే గొప్ప. వృత్రాసురుణ్ణి చంపే వజ్రాయుధం కోసం దధీచి ప్రాణం వదిలి ఎముకలిచ్చాడు. పావురాన్ని కాపాడటానికి శిబి తన మాంసం కోసిచ్చాడు. బౌద్ధుల జాతక కథల్లో అదే శిబి ఒక గుడ్డి బ్రాహ్మణుడికి రెండు కళ్ళూ ఇచ్చేస్తాడు. ఇక కన్నప్ప ఉన్నాడు. శివుడి కంట నెత్తురు చూసి తన కన్ను పెకలించి పెట్టాడు, రెండో కంటి చోటు తెలియడానికి కాలు ఆనించి రెండోదీ తీయబోయాడు. అతను వచ్చే జన్మలో గుడ్డివాడయ్యాడని ఎవరైనా చెప్పారా? ముక్తి పొందాడనే చెప్పుకుంటాం.

తర్కం_రాజు
వినాయకుడి తల మర్చిపోయారు.

పాతపుస్తకం
కావాలనే వదిలేశాను. అది కథగా చాలా అందమైనది, దాన్ని ఆపరేషన్ థియేటర్‌లోకి లాక్కెళ్తే కథా చెడుతుంది, వైద్యమూ చెడుతుంది.

పూర్ణాహుతి
నేను ఇవ్వకూడదని నిర్ణయించుకున్నవాణ్ణి. ఇక్కడ నాలాంటివాళ్ళు ఎవరూ మాట్లాడేలా లేరు కాబట్టి రాస్తున్నాను. అంత్యేష్టి అంటేనే చివరి యాగం. బతికినన్నాళ్ళూ హోమంలో ఏవేవో వేస్తాం, చివరికి మనల్నే వేస్తారు. ఆ ఆహుతి వెలితి లేకుండా వెళ్ళాలని నాకు అనిపిస్తుంది. తప్పు కావచ్చు, కానీ అది నా నమ్మకం, ఎవరికీ హాని చేయనిది. దధీచి కథ చెప్పి నన్ను చిన్నబుచ్చుతారు, అది నచ్చదు. దధీచి తనంతట తాను ఇచ్చాడు. సిగ్గుపడి ఇచ్చేదాన్ని దానం అనరు.

ఇంకొకటి. అన్నయ్య గారిని "చదువుకుని కూడా" అని తీసిపారేయకండి. ఆయన చెప్పింది చెల్లెలి శాంతి గురించే.

తర్కం_రాజు
ఎవరికీ హాని చేయనిది అన్నారు. మీతోపాటు కాలిపోయే కిడ్నీ కోసం ఒకరు ఎదురుచూస్తూ ఉంటారు. అది హాని కాదా? ఇజ్రాయెల్‌లో 2008లో చట్టమే చేశారు, ముందే దాత కార్డు మీద సంతకం చేసినవాళ్ళకి తర్వాత అవసరం పడితే జాబితాలో కొంత ప్రాధాన్యం. పుచ్చుకోవడానికి సిద్ధం, ఇవ్వడానికి మాత్రం మతం అడ్డు అనేవాళ్ళ గురించి అక్కడ పెద్ద చర్చే నడిచింది. నాకు అది న్యాయంగా అనిపిస్తుంది.

పూర్ణాహుతి
నాకు అవసరం వచ్చినా పుచ్చుకోను. ఇది ఇంట్లో రాసి పెట్టాను కూడా.

కిడ్నీ_రెండోది
ఆ మాట ఆరోగ్యంగా ఉన్నప్పుడు నేనూ అన్నాను పూర్ణాహుతి గారూ. మీ మీద కోపంతో అనడం లేదు. వారానికి మూడుసార్లు డయాలసిస్ కుర్చీలో నాలుగేసి గంటలు, గుక్కెడు నీళ్ళు ఎక్కువ తాగాలన్నా భయపడుతూ రెండేళ్ళు గడిపాక నాకు తెలిసింది, నా సిద్ధాంతాలకి నా ఒంటి అనుమతి కూడా కావాలని. ఇప్పుడు నాలో ఉన్నది పేరు తెలియని ఒకరి కిడ్నీ. వాళ్ళ ఇంట్లో వాళ్ళు ఏ మతమో, ఎవరు ఒప్పుకున్నారో, ఎవరు ఏడుస్తూ సంతకం చేశారో నాకు చెప్పరు. ఏటా ఆ తారీఖున దీపం పెడతాను. అంతకంటే ఏం చేయాలో తెలియదు. శాస్త్రం తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, గోత్రం, పేరు తెలియని మనిషికి తర్పణం వదలొచ్చా?

శాస్త్రిగారి_మనవడు
వదలొచ్చు. తర్పణంలో మన పితరులందరికీ అయ్యాక, తల్లీ తండ్రీ బంధువులూ లేనివారికి, ఎవరూ నీళ్ళు వదలనివారికి కూడా తృప్తి కలగాలని వదిలే మంత్రం ఉంది. దాంతోపాటు మనసులో ఆ మనిషిని తలుచుకోండి. మా తాతగారు జీవితమంతా అపరకర్మలు చేయించినవారు. ఆయన దగ్గర కూర్చుని నేర్చుకున్నదే చెబుతున్నాను, నా సొంతం కాదు.

చందమామ గారి ప్రశ్నకి వస్తే, అన్నయ్యగారు చెప్పిన దహనసంస్కారంలోనే జవాబు ఉంది. ఋగ్వేదం పదో మండలం 16వ సూక్తంలో, చితి దగ్గర చెప్పే మంత్రంలో "సూర్యం చక్షుర్గచ్ఛతు వాతమాత్మా" అని వస్తుంది. నీ కన్ను సూర్యుణ్ణి చేరుగాక, నీ ఊపిరి గాలిని చేరుగాక అని అర్థం. అంటే చనిపోయినవాడి కన్ను వాడితో రాదు. ఎక్కణ్ణుంచి వచ్చిందో అక్కడికి తిరిగి పంపిస్తున్నాం. వచ్చే జన్మకి మోసుకెళ్ళే మూటలో కళ్ళు లేనే లేవు.

సంస్కారం చెల్లదన్న మాటకి తాతగారు చెప్పేది ఇది. ప్రమాదాల్లో కాళ్ళు చేతులు పోయినవాళ్ళకి, నీళ్ళల్లో కొట్టుకుపోయి దేహమే దొరకనివాళ్ళకి కూడా కర్మ చేయించే విధానం ఉంది, దర్భలతో బొమ్మ చేసి దహనం చేయిస్తారు. దేహమే లేకపోయినా దారి చూపించిన శాస్త్రం, మంచి పనికి ఒక భాగం ఇచ్చినవాణ్ణి గుమ్మంలో ఆపదు.

పూర్ణాహుతి గారూ, మీ భావం నాకు అర్థమవుతుంది, దాన్ని తప్పు అనను. ఇష్టం లేని దానం వద్దనే తాతగారూ అనేవారు.

వానచినుకు
ఈ మంత్రం సంగతి ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు. కన్ను సూర్యుడి దగ్గరికి!

మినార్_నీడ
ఏ మతమైనా అన్నారు కాబట్టి మా వైపు సంగతి. మాలో మొదట వచ్చే మాట "శరీరం అల్లాహ్ ఇచ్చిన అమానత్, మన సొంతం కాదు, మనది కానిదాన్ని ఎలా ఇస్తాం?" అని. రెండోది, చనిపోయినవారి ఎముక విరగ్గొట్టడం బతికున్నవారి ఎముక విరగ్గొట్టినట్టేనన్న హదీసు, అంటే ప్రవక్త మాట. ఇవి చిన్న మాటలు కావు. మా నాన్న ఈ రెండూ చెప్పే వద్దన్నారు.

అవతలివైపు బరువు కూడా తక్కువేం కాదు. ఒక్క ప్రాణాన్ని కాపాడినవాడు మానవాళి మొత్తాన్ని కాపాడినట్టేనని ఖురాన్ ఐదో సూరాలో ఉంది. సౌదీలో పెద్ద ఉలమాల (మత పండితుల) మండలి 1982లోనే అనుమతించింది. 1986లో అమ్మాన్‌లో అంతర్జాతీయ ఫిఖ్ (ఇస్లామిక్ ధర్మశాస్త్ర) అకాడమీ బ్రెయిన్ డెత్‌ని, అంటే మెదడు పూర్తిగా పోవడాన్ని, మరణంగా ఒప్పుకుంది, 1988లో జిద్దాలో అదే అకాడమీ, మనిషి బతికుండగా ఒప్పుకున్నా, తర్వాత వారసులు ఒప్పుకున్నా అవయవాలు తీసుకోవచ్చని తీర్మానించింది. అమ్మడం కొనడం మాత్రం ససేమిరా కుదరదు. ఇరాన్ పార్లమెంటు 2000లో చట్టం చేసింది. ఇంత జరిగినా మన ఉపఖండంలో చాలామంది ముఫ్తీలు ఒప్పుకోరు, వాళ్ళ వాదనలు వాళ్ళకున్నాయి. నేను మా ఇమామ్ సాబ్‌ని అడిగితే ఆయన ఫత్వా ఏమీ చెప్పలేదు, "ముందు మీ నాన్నని ఒప్పించు, ఆయన మనసు కష్టపెట్టి చేసే పుణ్యం ఏం పుణ్యం" అన్నారు. అక్కడే ఆగిపోయాను.

దేవదారు
మాకు పునరుత్థానం గురించి భయం. చివరి రోజున శరీరంతో లేస్తాం కదా, గుండె లేకుండా ఎలా లేస్తాం అని మా అమ్మమ్మ అడిగేది. పాస్టర్ గారు ఆమెకి పౌలు మాట చూపించారు, విత్తబడేది ప్రకృతి శరీరం, లేచేది ఆత్మసంబంధమైన శరీరం అని. సింహాల నోట్లో పడి చనిపోయిన హతసాక్షుల్ని లేపగలిగిన దేవుడికి నీ గుండె ఒక లెక్కా అన్నారు. ఆమె నవ్వింది. తర్వాత కళ్ళకి మాత్రం ఒప్పుకుంది, "నా కళ్ళు పెట్టుకున్నవాళ్ళు రాత్రి పది దాకా సీరియళ్ళు చూడకుండా ఉండలేరు, ముందే చెప్పండి" అని డాక్టర్‌కి చెప్పమంది. ఆమె పోయాక ఇచ్చాం కూడా. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి.

కేథలిక్కుల సంగతి చెప్పాలంటే పోప్ పన్నెండో పయస్ 1956లోనే కార్నియా (కంటి ముందు పారదర్శక పొర) మార్పిడి గురించి సానుకూలంగా మాట్లాడారు. పోప్ రెండో జాన్‌పాల్ 2000లో రోమ్‌లో అవయవ మార్పిడి నిపుణుల సభకి వచ్చి మరీ ఇది ప్రేమతో చేసే పని అన్నారు. పదహారో బెనెడిక్ట్‌కి పోప్ కాకముందు దాత కార్డు ఉండేది. పోప్ అయ్యాక అది చెల్లదని వాటికన్ చెప్పింది, పోప్ దేహం చర్చికి చెందుతుందని.

పాతపుస్తకం
క్రైస్తవుల్లోనే ఒక వర్గమైన యెహోవాసాక్షుల విషయం కూడా చూడండి. 1967లో అవయవ మార్పిడి నరమాంసం తినడం లాంటిదని వాళ్ళ పత్రికలో రాశారు. 1980కి వచ్చేసరికి అది ఎవరి మనస్సాక్షికి వారే తేల్చుకోవాల్సిన విషయమన్నారు. 13 ఏళ్ళలో గ్రంథం మారలేదు, చదివిన తీరు మారింది.

జపాన్ ఇంకా ఆలోచింపజేస్తుంది. 1968లో అక్కడ మొదటి గుండె మార్పిడి జరిగింది. దాత నిజంగా చనిపోయాడా అన్న అనుమానంతో ఆ సర్జన్ మీద కేసు దాకా వెళ్ళింది. కేసు నిలబడలేదు, కానీ జనం నమ్మకం పోయింది. దీనికి చట్టం రావడానికి 1997 దాకా పట్టింది, తర్వాతి గుండె మార్పిడి 1999లో. అక్కడ మతం కంటే పెద్ద అడ్డు డాక్టర్ల మీద అపనమ్మకం. మన ఇళ్ళల్లో "ఆత్మ తిరుగుతుంది" అన్న మాట వెనక కూడా చాలాసార్లు ఇదే ఉంటుందని నా అనుమానం, బతికుండగానే కోసేస్తారేమో అని.

ఐసీయూ_అక్క
పాతపుస్తకం గారు చెప్పిన చివరి మాట నూటికి నూరుపాళ్ళు నిజం. నేను పదకొండేళ్ళుగా ఐసీయూలో పనిచేస్తున్నాను, దాతల కుటుంబాలతో మాట్లాడటం నా పనిలో భాగం. మతం గురించి అడిగేవాళ్ళు ఉంటారు, కానీ అందరూ అడిగేది "గుండె కొట్టుకుంటోంది కదమ్మా, ఒళ్ళు వెచ్చగా ఉంది కదమ్మా" అని. కోమా వేరు, బ్రెయిన్ డెత్ వేరు. కోమాలో మెదడు దెబ్బతిన్నా బతికే ఉంటుంది, మనిషి తిరిగి రావచ్చు. బ్రెయిన్ డెత్‌లో మెదడు పూర్తిగా పోయింది, ఊపిరి పీల్చమని చెప్పే భాగం కూడా. వెంటిలేటర్ గాలి పంపుతోంది కాబట్టి గుండె కొంతకాలం కొట్టుకుంటుంది. మార్పిడితో సంబంధం లేని డాక్టర్లు పరీక్షలు చేస్తారు. కంటిపాప వెలుగుకి కదులుతుందా, గొంతులో గొట్టం తగిలితే దగ్గు వస్తుందా, చివరికి వెంటిలేటర్ గాలి ఆపి ఆక్సిజన్ మాత్రం ఇస్తూ సొంతంగా ఒక్క ఊపిరైనా తీసుకుంటారా అని చూస్తారు. కొన్ని గంటల తర్వాత మళ్ళీ అవే చేస్తారు.

కళ్ళకి ఇదంతా అక్కర్లేదు. ఇంట్లో మామూలుగా చనిపోయినా ఆరు గంటల్లోపు ఇవ్వొచ్చు, కళ్ళజోడు ఉన్నా, శుక్లాల ఆపరేషన్ అయినా ఫర్వాలేదు. ముఖం వికారంగా మారదు. రెప్పలు మూసే ఉంచుతారు. మిగతా అవయవాలు తీసినా ఆపరేషన్‌కి వేసినట్టే కుట్లు వేసి, శుభ్రం చేసి, బట్ట చుట్టి ఇస్తారు. ఒక్క మాట మాత్రం దాచకూడదు, ఆలస్యం అవుతుంది. పరీక్షలు, ఏర్పాట్లు కలిసి ఒక్కోసారి రోజు దాటుతుంది. త్వరగా ఖననం చేయాలనుకునేవాళ్ళకి, ముహూర్తం చూసుకునేవాళ్ళకి ఇది నిజమైన కష్టం. ముందే చెప్తే చాలామంది సర్దుకుంటారు, చెప్పకపోతే నమ్మకం పోతుంది.

వానచినుకు
మా పెద్దమ్మ అడిగింది వేరు. "నా గుండె వేరే మతంవాడికి పెడితే? వాడు దాంతో పాపాలు చేస్తే నాకు అంటవా?" అని. నవ్వకండి, ఆమెకి నిజంగా టెన్షన్.

ఐసీయూ_అక్క
నేనెందుకు నవ్వుతాను, చాలామంది అడుగుతారు. జాబితాలో చూసేది రక్తం గ్రూపు, ఎవరి పరిస్థితి ఎంత విషమంగా ఉంది, ఎన్నాళ్ళుగా ఎదురుచూస్తున్నారు, ఒంటి పరిమాణం సరిపోతుందా, గుండె నాలుగైదు గంటల్లో అక్కడికి చేరుతుందా, ఇవే. మతం గడి అందులో ఉండదు.

శాస్త్రిగారి_మనవడు
పాపం సంగతికి, అన్నం పెట్టినవాడు ఆ బలంతో తిన్నవాడు చేసిన తప్పుకి బాధ్యుడు కాడు. పెద్దమ్మగారికి అలా చెప్పి చూడండి.

మౌనవ్రతి
ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను, ఎప్పుడూ రాయలేదు. ఆరేళ్ళ క్రితం మా తమ్ముడికి బండి ప్రమాదం జరిగింది. రెండో రోజు సాయంత్రం బ్రెయిన్ డెత్ అన్నారు. తర్వాత ఒకామె వచ్చి, వరండాలో, అందరూ అటూ ఇటూ తిరుగుతుండగా నిలబెట్టి అడిగింది. నేను "మా మతం ఒప్పుకోదు" అన్నాను. ఆమె సరే అని వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు.

అది అబద్ధం. మా మతంలో ఏముందో నాకు ఆ రోజు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. వాడి ఒంటికి ఇంకో కత్తి తగలడం నేను ఊహించలేకపోయాను, అంతే. ఆ మాట అంటే ఎదురు అడుగుతారు. మతం అంటే ఎవరూ అడగరు. నోటికి వచ్చినదాంట్లో గట్టి గోడ అదే.

వాడి పర్సు నెల తర్వాత చూశాను. అందులో రక్తదానం కార్డులు తొమ్మిది ఉన్నాయి. వాడు బతికుండగా మేము సినిమాల గురించి, ఉద్యోగాల గురించి, అన్నీ మాట్లాడుకున్నాం, ఇది మాట్లాడుకోలేదు. వాడు ఏమనేవాడో ఇప్పుడు నాకు తెలుసు. ఆ రోజు నన్ను కాదు, వాణ్ణి అడిగినట్టు అనుకుని జవాబు చెప్పి ఉండాల్సింది.

తర్కం_రాజు
మౌనవ్రతి గారూ, పైన నేను మూర్ఖంగా మాట్లాడాను. ఇలాంటి పరిస్థితిలో ఉన్న మనిషి ఇది చదువుతారని తట్టలేదు. పూర్ణాహుతి గారికి కూడా అదే చెబుతున్నాను.

పూర్ణాహుతి
ఫర్వాలేదు రాజు గారూ. మౌనవ్రతి గారూ, మీరు చేసింది తప్పని ఎవరన్నా నేను ఒప్పుకోను. వాడి మీద ప్రేమతోనే ఆపారు.

ఐసీయూ_అక్క
వరండాలో అడగడం మాదే తప్పు. కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ముందు మరణం గురించి చెప్పి, అది మనసుకి ఎక్కాక, చాలాసేపు ఆగి అడగాలి. ఎన్నో దేశాల్లో కార్డున్నా సరే చివరికి ఇంట్లోవాళ్ళ మాటే నడుస్తుంది. స్పెయిన్‌లో 1979 నుంచి వద్దని చెప్పని ప్రతివారూ దాతేనన్న చట్టం ఉంది, అక్కడ కూడా కుటుంబాన్ని అడక్కుండా తీసుకోరు. అందుకే చందమామ గారూ, మీ కార్డు కంటే మీ అమ్మగారికి తెలియడమే ముఖ్యం. ఆ పని మీరు ఇప్పటికే చేశారు.

చందమామ_కిటికీ
నాలుగు రోజులు రాలేదు, క్షమించండి. అన్నీ చదివాను. కొన్ని అమ్మకి చదివి వినిపించాను.

సూర్యుడి మంత్రం విని చాలాసేపు ఆలోచించింది. తర్వాత "సూర్యుడికి వెళ్ళాల్సినదాన్ని మధ్యలో మనం ఆపేస్తే ఆయన ఊరుకుంటాడా" అంది. నేను, "ఆ కంటితో ఎవరో ఆయన్నే చూస్తారు కదమ్మా, తర్వాత వాళ్ళతోపాటు వెళ్తుంది, కాస్త ఆలస్యం అంతే" అన్నాను. దానికి ఏమీ అనలేదు. కన్నప్ప గురించి చెప్పబోతే "ఆ కథ నీకు చెప్పిందే నేను" అని లేచి వెళ్ళిపోయింది.

నిన్న రాత్రి పక్కన పడుకున్నప్పుడు తనే అంది. "నువ్వు ఆ కార్డు చూపించగానే నాకు కళ్ళూ గుండె ఏమీ గుర్తు రాలేదు. నువ్వు పోయాక నా చేత సంతకం పెట్టిస్తారని ఒక్కటే కనపడింది. నాకంటే ముందు నువ్వు పోవడం గురించి కాగితం రాసుకొచ్చి, నవ్వుతూ చూపించావు" అంది. నేను ముప్పై నాలుగేళ్ళదాన్ని, ఇది నా బుర్రకి తట్టనే లేదు. ఇద్దరం ఏడ్చాం. పొద్దున్న కాఫీ ఇస్తూ "నీ ఇష్టం, కానీ ఆ సంతకం మాత్రం నన్ను అడక్కూడదు, అన్నయ్యని అడగమను" అంది.

అన్నయ్య ఇంకా అలాగే ఉన్నాడు. మంత్రం వినిపిస్తే "అర్థాలు ఎవరికి కావలసినట్టు వాళ్ళు చెప్పుకుంటారు" అన్నాడు. గట్టిగా అడిగితే లేచి బయటికి వెళ్ళిపోతున్నాడు. మరి ఆ రోజు వస్తే సంతకం పెట్టాల్సింది తనే.

శాస్త్రిగారి_మనవడు
అన్నయ్యగారికి మంత్రాలు చాలు. ఇక చెప్పకండి.

మౌనవ్రతి
నేను రాసింది ఆయనకి చూపించండి. మీరేమీ అనకుండా ఫోన్ ఇచ్చి పక్కకి వెళ్ళిపోండి. ఆయన రాయాలనుకుంటే నేను ఇక్కడే ఉంటాను.